పెళ్లికి వచ్చిన పెద్దవాళ్లు తనివితీరా కలుసుకోవాలంటే: రెండు నెలల ముందు నుంచి చేయవలసిన ఏర్పాట్లు

మా అమ్మమ్మకు ఎనభై రెండో ఏడు నడుస్తున్నప్పుడు మా ఇంట్లో ఒక పెళ్లి జరిగింది. ఆమె చెల్లెలు ఆరు గంటలు కారులో ప్రయాణం చేసి ఆ పెళ్లికి వచ్చింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని అప్పటికి తొమ్మిదేళ్లయింది. వచ్చిన మనిషికి కాఫీ ఇచ్చాం, ఫ్యాను కింద కుర్చీ వేశాం, మొదటి బంతిలో భోజనం పెట్టించాం. మర్యాదలో ఏ లోటూ జరగలేదు. కానీ అమ్మమ్మ పీటల పక్కన కూర్చుంది, చెల్లెలు హాలు వెనుక వరుసలో కూర్చుంది. అమ్మమ్మ మూడో బంతిలో గానీ తినలేదు. సన్నాయి, డోలు, మైకు కలిసిన హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. నాలుగు గంటలకు చెల్లెలి కారు తిరుగు ప్రయాణమైంది. ఆ రాత్రి అమ్మమ్మ "దాన్ని చూశానే గానీ దానితో మాట్లాడలేదు" అన్నది. వాళ్లిద్దరికీ మరో పెళ్లి దొరకలేదు.

తరువాత మా కుటుంబంలో జరిగిన పెళ్లిళ్లలో పెద్దవాళ్ల కలయికను కూడా వంట, పందిరి, మేళం లాగే ఒక విడి పనిగా పెట్టుకుని, దానికి ఒక మనిషిని బాధ్యుడిగా నియమించి చేశాం. ఇక్కడ రాస్తున్నవి అలా నేర్చుకున్నవే. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, పెళ్లి రోజు పెద్దవాళ్లు కలుసుకునే రోజు కాదు. ఆ రోజు అందరూ కనిపిస్తారు, ఎవరూ దొరకరు. అసలు కలయిక పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం, తలుపు వేసుకోగలిగిన ఒక గదిలో, దానికోసమే కేటాయించిన రెండు మూడు గంటల్లో జరగాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ రెండు మూడు గంటలకు దారి చేసేవే.

మొదటి పని: ఎవరు ఎవరిని చూడాలనుకుంటున్నారో అడిగి రాసుకోవడం

లగ్నపత్రిక రాసుకున్న వారంలోపే ఒక నోటుపుస్తకం తీసుకుని మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. పిలుపుల జాబితా వేరు, ఈ జాబితా వేరు. పిలుపుల జాబితాలో "ఎవరిని పిలవాలి" అని అడుగుతాం. ఇక్కడ "మీకు ఎవరిని చూడాలని ఉంది" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రాదు. మా తాతయ్యను ఇలా అడిగినప్పుడు ఆయన చెప్పిన మొదటి పేరు మా పిలుపుల జాబితాలో లేనే లేదు. ఆయన చిన్నప్పుడు పక్క ఇంట్లో పెరిగి, వరసకు బావ అయ్యే ఒక దూరపు బంధువు అతను.

ఇందుకు ఒక కారణం ఉంది. ఎనభై దాటిన మనిషిని ఊరంతా తాతయ్య అంటుంది, మామ్మ అంటుంది, గారు చేర్చి పిలుస్తుంది. ఆయనను "ఒరేయ్" అని, ఆమెను "ఏమే" అని పిలవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతుంటారు, చివరికి ఒకరో ఇద్దరో మిగులుతారు. ఆ ఒకరిద్దరు ఎవరో కనుక్కోవడమే మీ మొదటి పని. ప్రతి పేరుకూ ఎదురుగా వయసు, ఉన్న ఊరు, ఎవరి దగ్గర ఉంటున్నారు, చివరిసారి ఎప్పుడు కలుసుకున్నారు, నడక, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నారు అనేవి రాసుకోండి. వారిని చూసుకుంటున్న కొడుకు, కోడలు లేదా కూతురి ఫోన్ నంబరు తప్పనిసరి, ఎందుకంటే ప్రయాణం కుదరడం కుదరకపోవడం చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

జాబితా రాస్తున్నప్పుడే రెండు చిక్కులు బయటపడతాయి. వీటిని పెళ్లి దాకా వాయిదా వేయకూడదు.

ఒకటి, దాచిన మరణవార్తలు. పెద్దాయన గుండె తట్టుకోదని, ఆమెకు బీపీ పెరుగుతుందని, అన్నో చెల్లెలో తోడికోడలో పోయిన సంగతి చెప్పకుండా నెట్టుకొచ్చిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. ఆ దాపరికం పెళ్లిలో నిలవదు. మూడు వందల మంది తిరిగే చోట ఎవరో ఒకరు "పాపం, మీ తమ్ముడు పోయినప్పుడు రాలేకపోయాం" అని పలకరిస్తారు. ఆ మాట పరాయి మనిషి నోట, జనం మధ్య వినడం కంటే క్రూరమైనది లేదు. కనీసం నెల ముందు, ఇంట్లో, పగటిపూట, వారికి బాగా దగ్గరైన మనిషి పక్కన కూర్చుని చెప్పాలి. ఏడవడానికి, అడగడానికి, ఎందుకు చెప్పలేదని కోప్పడడానికి కూడా సమయం ఇవ్వాలి. మతిమరుపు జబ్బు ముదిరి, చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు దుఃఖపడేవారి విషయం మాత్రం వేరు. వారికి మళ్లీ మళ్లీ చెప్పడం కంటే, పోయినవారి గురించి వారు అడిగినప్పుడు ఒక పాత ముచ్చట ఎత్తి ఆ మాటల్లో పెట్టడం మేలు.

రెండోది, పాత పంతాలు. గట్టు తగాదా, పంపకాలలో తేడా, ఏనాటిదో ఒక పెళ్లిలో జరిగిన మర్యాదలోపం వంటివి ఇరవై ముప్పై ఏళ్లు మాటలు లేకుండా చేసి ఉంటాయి. ఇద్దరినీ ఒకే గదిలోకి చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరుద్దామనే ఆలోచన చిన్నవాళ్లకు వస్తుంది. దయచేసి అలా చేయకండి. సిద్ధపడని మనిషి ముఖం తిప్పుకుంటే, ఆ క్షణం పాత పంతం కంటే పెద్దదవుతుంది. ఇద్దరికీ కావలసిన మనిషిని, సాధారణంగా ఇంటి ఆడపడుచునో ఇద్దరికీ మేనల్లుడయ్యేవాడినో, ఇద్దరి దగ్గరికీ విడివిడిగా పంపి, "ఆయన వస్తున్నారు, ముందు రోజే విడిదిలో ఉంటారు, మీకు ఇష్టమైతేనే" అని చెప్పించండి. తగాదా మంచిచెడ్డలు మాత్రం తిరగదోడవద్దు. కాదన్నవారిని బలవంతం చేయవద్దు. భోజనాల వేళ పక్కపక్కన పడకుండా చూస్తే చాలు.

పిలుపు: పెద్దవాళ్లను పెద్దవాళ్లే పిలవాలి

శుభలేఖ వాట్సాప్‌లో పంపినా, మనిషి వెళ్లి బొట్టు పెట్టి పిలిచినా, ఈ జాబితాలో ఉన్నవారికి మరో పిలుపు కూడా వెళ్లాలి. మీ పెద్దవాళ్ల చేత స్వయంగా ఫోన్ చేయించండి. మనవడు చేసే పిలుపుకు "చూద్దాంలే నాయనా, ఒంట్లో బాగుంటే" అని జవాబు వస్తుంది. అక్క ఫోన్ చేసి "నువ్వు రాకపోతే నేను పీటల దగ్గరికి పోను" అంటే ఆ మాట వేరుగా పనిచేస్తుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఇంట్లో టీవీ ఆపి, ఉదయం పది గంటల ప్రాంతంలో, కాఫీ టిఫిన్ల తరువాత చేయించండి. మధ్యాహ్నం కునుకు వేళ, చీకటి పడ్డాక మాటలు సరిగ్గా సాగవు.

భర్త పోయిన పిన్నులు, మేనత్తలు, నాయనమ్మలు "శుభకార్యం కదా, నేనెందుకులే" అని తమంతట తామే వెనక్కి తగ్గుతారు. వచ్చినా వంటింటి వైపో, వెనుక గదిలోనో ఉండిపోతారు. వారికి పిలుపు మాత్రమే చాలదు, చోటు కూడా ముందే చెప్పాలి: "మీరు ముందు వరుసలో కూర్చుంటారు, అక్షింతలు మీ చేత వేయించుకుంటాం" అని పెళ్లికొడుకు లేదా పెళ్లికూతురు తల్లిదండ్రులే స్వయంగా అనాలి. ఆ మాట పురోహితుడితోనూ, వియ్యాలవారితోనూ ముందే అనుకుంటే ఆ రోజు ఎవరూ కొత్తగా నొసలు చిట్లించే అవకాశం ఉండదు. నా మటుకు నాకు, పెంచిన చేతులను పక్కన పెట్టి జరిపే శుభం ఎటువంటిదో అర్థం కాదు. ఇంట్లో ఎవరైనా పోయి ఏడాది తిరగనివారి సంగతి ఇంకొంచెం సున్నితం. కొన్ని కుటుంబాలలో వారు శుభకార్యాలకు రారు. అటువంటి ఆచారం పట్టింపుగా ఉన్న ఇంట్లో వారిని ఇబ్బంది పెట్టకుండా, పెళ్లికి ముందో తరువాతో మీ పెద్దవాళ్లనే వారి ఇంటికి తీసుకువెళ్లండి.

ప్రయాణం: టికెట్టు తీసే దగ్గర జరిగే పొరపాటు

రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది; అంతకుముందు 120 రోజులు ఉండేది. కాబట్టి ప్రయాణం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆ రోజు ఉదయమే టికెట్లు తీయాలి. 60 ఏళ్లు నిండిన మగవారికి, 45 ఏళ్లు నిండిన ఆడవారికి కింది బెర్తుల కోసం సీనియర్ సిటిజన్ కోటా ఉంది. అది ఒంటరిగా ప్రయాణించేవారికి, లేదా ఆ అర్హత ఉన్న ఇద్దరు ఒకే టికెట్టు మీద వెళ్లేటప్పుడు వర్తిస్తుంది. తోడుగా వస్తున్నాడని పాతికేళ్ల మనవడిని అదే టికెట్టులో చేర్చితే ఆ కోటా పోతుంది, తాతయ్యకు పై బెర్తు వచ్చినా రావచ్చు. పెద్దవాళ్లిద్దరికీ ఒక టికెట్టు, తోడు మనిషికి అదే బోగీలో మరో టికెట్టు తీయడం సరైన పద్ధతి. పెద్దవాళ్లకు రైలు ఛార్జీలో పూర్వం ఇచ్చిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు కాబట్టి దాన్ని ఖర్చుల లెక్కలో వేసుకోకండి.

రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, అక్కడ లిఫ్టు లేదా ర్యాంపు ఉందా అన్నది దిగే స్టేషన్ విషయంలో కూడా ముందే కనుక్కోండి. ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. దించుకోవడానికి ఒక్క కుర్రవాడు వస్తాడు, అతనికి బోగీ నంబరు తెలియదు. పెద్ద స్టేషన్లలో చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, కానీ అప్పటికప్పుడు వెతుక్కోవడానికి రైలు ఆగే రెండు నిమిషాలు చాలవు. విమానంలో వచ్చేవారికి టికెట్టు తీసేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని నమోదు చేయించాలి. "నేను నడవగలను, నాకెందుకు" అనే పెద్దవాళ్లకు, ఆ నడక అరకిలోమీటరు ఉండవచ్చని చెప్పి ఒప్పించాలి.

కారు ప్రయాణమైతే రెండు గంటలకొకసారి ఆగాలి. పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, దారిలో బాత్రూమ్ దొరకదనే భయంతో ఉదయం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మాఘ ఫాల్గుణాల్లో సరే, వైశాఖ జ్యేష్ఠాల పెళ్లిళ్లకు నలభై డిగ్రీల ఎండలో ఇది నేరుగా ఆసుపత్రికి దారితీస్తుంది. ఎక్కడ శుభ్రమైన కమోడ్ ఉందో ముందే చూసి పెట్టుకుని, "ఫలానా చోట ఆగుతాం" అని బయలుదేరేటప్పుడే చెబితే వారు ధైర్యంగా నీళ్లు తాగుతారు.

ఎంత దూరం నుంచి వచ్చినా, పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నం లోపల కాదు, అంతకుముందు రోజు సాయంత్రానికే చేరేలా చూడండి. ఒక రాత్రి పడుకుని లేచిన మనిషికి, బస్సు దిగిన మనిషికి మాటలో తేడా ఉంటుంది.

విడిది గది

ఫంక్షన్ హాలు మాట్లాడుకునేటప్పుడు మనం డైనింగ్ హాలు, పార్కింగ్, ఏసీ చూస్తాం. పెద్దవాళ్ల కోసం చూడవలసినవి ఇంకా చిన్నవి. కింది అంతస్తులో గది ఉండాలి, లేదా జనరేటర్ మీద కూడా నడిచే లిఫ్టు ఉండాలి. బాత్రూమ్‌లో కమోడ్ ఉందా, గడప ఎంత ఎత్తు, తలుపు గడియ బయటి నుంచి తీయడానికి వీలుందా, లైటు స్విచ్ ఎక్కడ అన్నవి మీరే లోపలికి వెళ్లి చూడండి. కమోడ్ లేకపోతే మందుల దుకాణాలలో దొరికే కమోడ్ కుర్చీ ఒకటి కొని పెట్టండి. స్నానాల తరువాత నేల తుడిచే మనిషిని ఏర్పాటు చేయడం చిన్న ఖర్చు; తడి నేల మీద జారిపడి తుంటి ఎముక విరగడం ఆ ఇంటికి ఏడాది పాటు సాగే కష్టం.

నేల మీద పరుపులు పరిచే విడిది గదులు కుర్రవాళ్లకు సరదా. మోకాళ్ల నొప్పులున్నవారు నేల మీద నుంచి లేవలేరు, లేవలేమని చెప్పుకోరు కూడా. వారికి మంచాలు కావాలి. ఆ మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుర్చీలు చేతులున్నవే కావాలి, ఎందుకంటే లేచేటప్పుడు వారు బరువు మోపేది ఆ చేతుల మీదే. ఇన్సులిన్ వాడేవారుంటే ఫ్రిజ్ అడిగి పెట్టుకోండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో గానీ నేరుగా ఐసు మీద గానీ పెట్టకూడదు.

ముఖ్యంగా, ఎవరి పక్కన ఎవరి మంచం అన్నది మీరే నిర్ణయించండి. ఆడపెళ్లివారి వైపు, మగపెళ్లివారి వైపు అని గదులు పంచేసి వదిలేస్తే అక్క ఒక గదిలో, చెల్లెలు ఒక గదిలో పడతారు. ఇద్దరి మంచాలూ పక్కపక్కనే వేయించండి. దీపం ఆర్పేశాక చీకట్లో సాగే మాటలు పగలు ఎవరి ముందూ రావు.

ముందు రోజు మధ్యాహ్నం

ఇక అసలు సమయం ఇదే. ముందు రోజు ఉదయం నలుగు, పెళ్లికొడుకును లేదా పెళ్లికూతురిని చేసే వేడుక వంటివి ఉంటాయి; రాత్రికి ఎదురుకోలు ఉండవచ్చు. మధ్యలో, పెద్దవాళ్లు భోజనం చేసి ఒక కునుకు తీశాక, మూడున్నర నుంచి ఆరు దాకా ఖాళీ ఉంటుంది. ఆ సమయాన్ని పెళ్లి పనుల కాగితంలో "పెద్దల కలయిక" అని రాసి, ఆ వేళకు వారిని దేనికీ పిలవకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

గదిలో ఆరేడుగురికి మించి ఉండకూడదు. పదిహేను మంది చేరితే మూడు సంభాషణలు మొదలవుతాయి, వినికిడి తగ్గినవారికి మూడూ కలిసి ఒక గోలగా మాత్రమే చేరతాయి. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నని ధ్వనులు పట్టే శక్తి. స, త, క వంటి హల్లులు జారిపోయి మాట ఆనవాలు తెలియకుండా పోతుంది. గట్టిగా అరిస్తే అచ్చులు పెద్దవవుతాయే గానీ హల్లులు తిరిగి రావు. అందుకే అరవడం కాకుండా, ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, నిదానంగా మాట్లాడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నీడలో పడి పెదవులు కనిపించవు. కుర్చీలను వరుసగా వేయకుండా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా గుండ్రంగా వేయండి. కూలర్ శబ్దం ఎక్కువైతే ఆపి, ఫ్యాను ఒక్కటే ఉంచండి. చెవి మిషన్లకు కొత్త బ్యాటరీలు వేసి, కళ్లజోళ్లు తుడిచి ఇవ్వడం ఆ గది బాధ్యత తీసుకున్న మనవడో మనవరాలో చేయవలసిన పని.

ఒక అలవాటును మాత్రం గుమ్మం దగ్గరే ఆపేయాలి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం", "నన్ను గుర్తుపట్టారా అత్తయ్యా" అనే పరీక్ష మన పెళ్లిళ్లలో పెద్దవాళ్లకు ప్రతి పది నిమిషాలకూ ఎదురవుతుంది. అడిగేవారికి అది ముద్దుగా ఉంటుంది. జ్ఞాపకం మసకబారుతున్న మనిషికి మాత్రం జనం మధ్య నిలబెట్టి అవమానించినట్టే ఉంటుంది. ఎవరు లోపలికి వచ్చినా ముందుగా తమ పేరు, వరస చెప్పాలి: "పిన్నీ, నేను మీ రెండో అక్కయ్య పెద్దకొడుకుని, గుంటూరులో ఉంటాను." అలా చెబితే ఆమె పోల్చుకోలేకపోయినా మాట కలపగలుగుతుంది, పోల్చుకుంటే ఆ సంతోషం ఆమెదే అవుతుంది.

మాటలు మొదట రాకపోవచ్చు. ఇరవై ఏళ్ల తరువాత కలిసినవారు పది నిమిషాలు బీపీ, షుగరు, మోకాళ్ల గురించే మాట్లాడతారు. తొందరపడి మధ్యలో దూరవద్దు. మా తమ్ముడి పెళ్లిలో నాన్నగారి మేనత్తలిద్దరూ ఇలాగే కలిశారు. పెద్దావిడకు ఎనభై ఆరు, చిన్నావిడకు ఎనభై. మొదట ఇద్దరూ ఏమీ అనలేదు. పెద్దావిడ చెల్లెలి చేతిని తన ఒడిలోకి లాక్కుని, మణికట్టు మీది గాజును బొటనవేలితో మోచేతి దాకా జరిపి చూసింది. అది అడ్డు లేకుండా జారిపోయింది. "ఇంతకు చిక్కిపోయావేమే" అన్నది. చిన్నావిడ చేయి వెనక్కి తీసుకోలేదు. గంట తరువాత కాఫీలు తీసుకుని నేను లోపలికి వెళ్లేసరికి, వాళ్ల నాన్న సంతలో కొన్న ఎద్దు తెల్లదా, మచ్చలదా అని ఇద్దరూ వాదించుకుంటున్నారు. చేయి మాత్రం ఇంకా అక్క ఒడిలోనే ఉంది.

మాటలు కదలడానికి పాత ఫోటోలు బాగా సాయపడతాయి. అసలు ఫోటోలు చేతికిచ్చి తిప్పితే చిరుగుతాయి కాబట్టి, వాటిని స్కాన్ చేయించి ఏ4 కాగితమంత పెద్దవిగా ప్రింట్లు తీయించండి. పోస్టుకార్డంత ఫోటోలో వెనుక వరుస ముఖాలు వారికి కనిపించవు. ప్రతి ప్రింటు మీద ముఖాలకు అంకెలు వేసి, వారు చెప్పిన పేర్లను పక్క కాగితం మీద రాసుకోండి. పది ఫోటోలు చాలు. ఇంటి నుంచి ఒక పాత వస్తువు, ఇత్తడి మరచెంబో, అమ్మ వాడిన కుంకుమభరిణో తెస్తే మరీ మంచిది.

ఆ గదిలో ఒక నిజమైన పని కూడా పెద్దవాళ్లకు అప్పగించవచ్చు. పెళ్లిలో పురోహితుడు ప్రవర చెప్పేటప్పుడు గోత్రంతో పాటు వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు చెబుతారు. ముత్తాత పేరు దగ్గర చాలా ఇళ్లలో తడబాటు వస్తుంది; ముద్దుపేరు తెలుస్తుంది, అసలు పేరు తెలియదు. పేర్లు రాసిన కాగితం తీసుకువెళ్లి "ఇది సరిగ్గా ఉందేమో చూడండి" అని అడగండి. పిల్లలకు ముత్తాత అయిన మనిషి వారికి నాన్నో, పెదనాన్నో, బాబాయో. ఆ పేరు చెబుతూ ఆయన గొంతు, నడక, కోపం అన్నీ చెబుతారు. వారి అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డింగు పెట్టండి, బల్ల మీద బోర్లా ఉంచి మరచిపోండి. వీడియో తీస్తున్నామంటే సర్దుకుని కూర్చుంటారు, మాట బిగుసుకుంటుంది.

బట్టలు పెట్టే పని కూడా ఇక్కడే జరగాలి. పెళ్లి మర్నాడు హడావిడిలో కోడలు సంచులు పంచుతుంటే అక్కకు తమ్ముడు పెట్టిన చీర ఏదో, తోడికోడలు పెట్టినదేదో తెలియదు. ఎనభై ఏళ్ల తమ్ముడి చేతికి పళ్లెం ఇచ్చి, అక్కకు ఆయన చేతనే చీర, పండ్లు, తాంబూలం ఇప్పించండి. తెలంగాణ ఇళ్లలో పుట్టింటివాళ్లు ఆడపడుచుకు ఒడిబియ్యం పోసే ఆచారం వెనుక ఉన్నదీ ఇదే, పుట్టింటి చేయి ఇంకా ఉందని ఆమెకు తెలియడం.

ఆరు గంటలకు దీపాలు పెట్టే వేళకు ఆపండి. అలసట వారికి తెలియకుండానే వస్తుంది.

పెళ్లి రోజు

ముహూర్తం తెల్లవారుజామున మూడింటికో, రాత్రి పదకొండింటికో పడవచ్చు. పెద్దవాళ్లంతా ఆసాంతం కూర్చోవాలని పట్టుబట్టకండి. జీలకర్ర బెల్లానికి అరగంట ముందు లేపి తీసుకువచ్చి, తలంబ్రాలు కాగానే గదికి పంపవచ్చు. ఈ సంగతి ముందే చెబితే నిద్రపోతే ఏమవుతుందోనని రాత్రంతా మేలుకోరు. ముందు వరుసలో చేతుల కుర్చీలు ఆరు, వాటి మీద పేర్లు రాసిన కాగితాలు, స్పీకర్లకు దూరంగా ఉండాలి. వీడియో తీసేవారి లైటు స్టాండు వారికి అడ్డంగా పెట్టకుండా ఒక మనిషి చూసుకోవాలి.

వేదిక మెట్లకు చాలా హాళ్లలో పట్టుకునే కమ్మీ ఉండదు. పెద్దవాళ్లను ఇద్దరు చెరో చేయి పట్టి పైకి ఎక్కించడం కంటే, ముఖ్యమైన తంతు ముగిశాక వధూవరులే కొంగుముడితో కిందికి దిగి వచ్చి వారి ముందు వంగి అక్షింతలు వేయించుకోవడం మంచిది. పురోహితుడికీ ఫోటోగ్రాఫరుకూ ముందే చెబితే ఐదు నిమిషాల పని. తోబుట్టువుల ఫోటో కూడా అక్కడే, పుట్టిన వరుసలో కూర్చోబెట్టి తీయించండి. లేనివారి కుర్చీ ఖాళీగా ఉంచాలా అన్నది వారినే అడగండి.

భోజనం బఫే అయినా సరే, పెద్దవాళ్లకు ఒక బల్ల వేసి వడ్డించాలి, జాబితాలో కలుసుకోవాలనుకున్నవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ భోజనానికి ముందు వేసుకునేవారు మాత్ర వేసుకుని బంతి కోసం గంట ఎదురుచూస్తే చక్కెర పడిపోతుంది. అందువల్ల విస్తరి ముందు కూర్చున్నాకే మందు, లేదా మందు వేళకే మెత్తని అన్నం, పప్పు, చారు, పెరుగు. ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు అన్న కాగితం ఒకటి, దగ్గరలో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏదన్నది ఒకటి బాధ్యుడి జేబులో ఉండాలి. అవసరమైతే 108కి ఫోన్ చేసేటప్పుడు హాలు పేరుతో పాటు దగ్గరి గుర్తు చెప్పగలగాలి.

రాలేనివారి కోసం

మంచం పట్టినవారు, ప్రయాణం కుదరనివారు, పిల్లల దగ్గర అమెరికాలో ఉండిపోయినవారు ఉంటారు. పెళ్లి ప్రత్యక్ష ప్రసారం లింకు పంపడంతో మన పని అయిపోయిందనుకుంటాం, కానీ అది వారికి పెళ్లిని చూపిస్తుందే గానీ అక్కను చూపించదు. వీడియో కాల్ ముందు రోజు మధ్యాహ్నం గదిలో నుంచే చేయించండి. మన సాయంత్రం ఐదున్నర న్యూయార్క్‌లో వేసవి వేళల్లో ఉదయం ఎనిమిది, చలికాలపు వేళల్లో ఉదయం ఏడు. ఫోన్ కాకుండా ట్యాబ్ లేదా ల్యాప్‌టాప్ వాడండి, దాన్ని కంటి ఎత్తులో పెట్టండి, ఇద్దరే మాట్లాడుకునేలా మిగతావారు పక్కకు జరగండి. అవతల పెద్దవారి పక్కన ఒక మనిషి ఉండి, వినపడని మాటను చెవిలో తిరిగి చెప్పాలి. ఇరవై నిమిషాలు చాలు.

తిరుగు ప్రయాణం

అప్పగింతలు అయిన వెంటనే పెద్దవాళ్లను కార్లు ఎక్కించవద్దు. అప్పటికే అందరి కళ్లూ తడిగా ఉంటాయి, అలసట ఉంటుంది, సామాన్లు మారిపోతాయి. మర్నాడు ఉదయం టిఫిన్ తరువాత బయలుదేరేలా చూడండి. మందుల సంచి, కట్టుడు పళ్ల డబ్బా, చెవి మిషన్, ఊతకర్ర ఈ నాలుగూ గదిలో మిగిలిపోకుండా చూసుకోవాలి. కారు దగ్గర వారిద్దరూ నిలబడి మాట్లాడుకుంటుంటే డ్రైవరును తొందరపెట్టనివ్వకండి. ఆ పది నిమిషాలు కూడా ప్రయాణపు లెక్కలో ముందే కలుపుకోండి.

ఇల్లు చేరాక ఫోన్ చేయవలసింది పిల్లలు కాదు, వారే. "చేరానే అక్కయ్యా" అనే మాట అక్కకే చేరాలి. పదిహేను రోజుల లోపల తోబుట్టువుల ఫోటోను పెద్ద ప్రింటు తీయించి, వెనుక పేర్లు, ఊరు, తేదీ రాసి అందరికీ పంపండి. పెళ్లి ఆల్బమ్ వచ్చేదాకా ఆగకండి, దానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు. ప్రింటుతో పాటు రికార్డింగు ఉన్న పెన్‌డ్రైవ్‌ను వారిని చూసుకుంటున్నవారికి ఇచ్చి, ఒక ఆదివారం మధ్యాహ్నం వారి పక్కన కూర్చుని వినిపించమని చెప్పండి.